కొలంబియా మేడం

నాలుగు, నాలుగు. అదనపు సమయం కలిపినా రెండు జట్లదీ అదే లెక్క. కొలంబియా మూడుసార్లు ముందుకు పోయింది, మూడుసార్లూ బ్రెజిల్ అందుకుంది. నాలుగోసారి బ్రెజిల్ ముందుకు పోతే కొలంబియా అందుకుంది. చివరికి పెనాల్టీలలో బ్రెజిల్ గెలిచింది. దక్షిణ అమెరికా ఆడవాళ్ల ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ అది. ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున ఫోన్‌లో ఆ వార్త చదివి, ఎవరికైనా చెప్పాలనిపించి బయటికి వచ్చాను. వాకిట్లో నా భార్య దోసకాయలు తరుగుతోంది.

"కొలంబియా ఓడిపోయింది" అన్నాను.

ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి, "అయ్యో, మేడం ఉంటే ఎంత పరేషాన్ అవుతుండెనో" అని, మళ్లీ తరగసాగింది.

మేడం మొన్న ఎండాకాలంలో పోయింది. గద్వాలలో, తమ్ముని ఇంట్లో. జబ్బు సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె జీవితమంతా రాయడానికి నా దగ్గర వివరాలు లేవు. నేను వనపర్తి మార్కెట్ యార్డులో కాంటా మనిషిని. తూచింది చెప్పగలను, తూచనిది చెప్పలేను. ఆమె మా ఊర్లో ఉన్న కాలంలో నేను చూసినంత మాత్రం చెప్తాను.

మా ఊరు వనపర్తి నుంచి కొల్లాపూర్ పోయే దారిలో ఉంటుంది. ఊరి చివర ఆడపిల్లల గురుకుల బడి. ఆ బడికి ఆమె ఆటల మేడంగా వచ్చింది. గద్వాల మగ్గాల ఇంటి మనిషి. పొట్టిగా, సన్నగా ఉండేది. చీర కుచ్చిళ్లు జానెడు ఎత్తి నడుముకు దోపి, కాళ్లకు మగవాళ్ల కాన్వాస్ బూట్లు తొడుక్కుని నడుస్తుంటే మొదటి వారం ఊరంతా తిరిగి చూసింది. రెండో వారానికి అలవాటు పడిపోయింది. చిన్నప్పుడు ఆమె ఆడింది ఖోఖో. ఫుట్‌బాల్ ఆమె కాలికి తగిలింది ఈ బడిలోనే, అదీ ముప్పై దాటినాక. ఎవరో దాత ఇచ్చిపోయిన బంతుల సంచి స్టోర్ రూములో బియ్యం మూటల వెనక పడి ఉంటే, దుమ్ము దులిపి, వనపర్తి దాకా మోసుకుపోయి గాలి కొట్టించుకుని వచ్చింది. తర్వాత ఆ బంతులతో ఏం చేయాలో నేర్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. ఫోన్‌లో వెతుకుతుంటే కొలంబియా దొరికింది.

ఆ దేశపు ఆడవాళ్ల జట్టు ఆటలను ఆమె చప్పుడు బంద్ చేసి చూసేది. "ముచ్చట్లు మనకెందుకన్నా, కాళ్లు చూస్తే చాలు" అనేది. ఆటగత్తెల పేర్లు ఆమెకు నోరు తిరిగేవి కావు. ఒకామె పొడుగు జడ, ఒకామె పెద్దక్క, ఇంకొకామె సన్నపిల్ల. మొత్తం జట్టు పసుపు పిల్లలు, వాళ్ల అంగీల రంగును బట్టి. వాళ్ల గురించి మాట్లాడుతుంటే పక్క ఊరి చుట్టాల సంగతి చెప్తున్నట్టే ఉండేది. "పెద్దక్కకు మోకాలు బాగలేదంట, ఈసారి ఆడుతదో ఆడదో" అని గేటు దగ్గర నిలబడి దిగులు పడేది. ఎవరి పెద్దక్క అని బడి వంటామె అడిగితే, "మనదే" అనేది.

ఒకసారి బిడ్డను చూడడానికి వచ్చిన ఒక తండ్రి అడిగాడు.

"కొలంబియా కొలంబియా అంటున్నరు పిల్లలు. అదెక్కడుంటది మేడం?"

"రాయచూర్ తెలుసు గదా?"

"తెల్వకపోవుడేంది, మా అక్కనిచ్చింది ఆడనే."

"అది దాటినంక జర ముందుకు."

ఆయన తలూపాడు. "బస్సు ఉంటదా?" అన్నాడు.

"మారాలె" అంది మేడం, నవ్వకుండా.

ఆ రోజు నుంచే ఊర్లో ఆమెకు కొలంబియా మేడం అనే పేరు స్థిరపడింది.

ఆట నేర్పేటప్పుడు ఆమెకు ఒక పద్ధతి ఉండేది. బంతి పోగొట్టిన పిల్లను తిట్టేది కాదు. ఆ పిల్ల బంతి పంపుతుంటే అందుకోవడానికి రాకుండా నిలబడినవాళ్లను తిట్టేది. "నాడె ఈ దిక్కు నుంచి పోయిందంటే ఆ దిక్కు పట్టేటందుకు చెయ్యి ఉండాలె. చెయ్యి లేకుంటే తప్పు నాడెదా?" అనేది. మగ్గం ఎరగని పిల్లలకు కూడా, దారం మోస్తూ ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉరికే నాడె అంటే ఏమిటో అట్లా తెలిసిపోయింది. వేగంగా కదలమనడానికి "బేగ, బేగ" అని అరిచేది. అది గద్వాల నుంచి, ఇంకా అవతలి కన్నడం దిక్కు నుంచి ఆమెతో వచ్చిన మాట. ఆరు నెలల్లో ఆ మాట మా ఊరి మేకల కాపర్లకు కూడా పట్టుకుంది.

ఆస్ట్రేలియాలో ఆడవాళ్ల ప్రపంచ కప్పు జరిగిన ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె మా తలుపు కొట్టింది. వెనక పద్దెనిమిది మంది పిల్లలు.

"అన్నా, మీ టీవీ రెండు గంటలు గావాలె. మా బడి టీవీ కరాబైంది. జర్మనీతోని ఆట."

ఆ జర్మనీ అంతకుముందు ఆటలో ఆరు గోల్స్ కొట్టిన జట్టు. పిల్లలు గచ్చు మీద కూర్చున్నారు, ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. తెర మీద రెండు జట్లు వరుసగా నిలబడ్డప్పుడు ఆమె అంది, "చూసిండ్రా, వాళ్లు ఎంత ఎత్తున్నరు, మనోళ్లు ఎంతున్నరు?" ఒక పిల్ల తన పక్కనున్న పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి కొలిచి, "మనంతనే ఉన్నరు మేడం" అంది. మేడం మొహం వెలిగిపోయింది. ఆ ఒక్క మాట వినిపించడానికే వాళ్లను అంత దూరం నడిపించుకు వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇద్దరు పొడుగువాళ్ల మధ్య నుంచి సన్నపిల్ల మెలి తిరిగి గోల్ కొట్టింది. పిల్లలు ఎగిరారు. మేడం ఎగరలేదు. ఆట ముగియవస్తుండగా జర్మనీ పెనాల్టీతో సమం చేసింది. పిల్లలు తలలు వంచారు. అప్పుడు మేడం టీవీ దగ్గరికి పోయి తెర మీద వేలు పెట్టింది.

"మీరెందుకు తల దించిండ్రు? వాళ్లు దించిండ్రా? చూడుండ్రి."

తర్వాత ఆఖరి నిమిషాల్లో మూల నుంచి వచ్చిన బంతిని ఒకామె తలతో లోపలికి కొట్టింది. రెండు, ఒకటి. మా ఇల్లు అదిరిపోయింది. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఏం జరిగిందో తెలియకుండానే పిల్లలతో కలిసి చప్పట్లు కొట్టింది. మేడం మాత్రం గోడకు తిరిగి నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. నేను అటు చూడనట్టు ఉన్నాను.

ఇక ఆమె ఆటస్థలం సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు కథ దానిదే.

బడి ముందున్న స్థలం ఊరి ఉమ్మడిది. పొడవు సరిపడా ఉంది, వెడల్పు కూడా ఉంది. కానీ దానిలో ఒక నిలువు సగం ఎప్పుడూ పంట ఆరబోసి ఉండేది. చలికాలం పల్లికాయ, అది కాకపోతే మక్కలు, అదీ కాకపోతే వడ్లు. ఊరి వాళ్లకు అది తరాల నాటి కల్లం. మిగిలిన సగంలో పిల్లలు ఆడేవాళ్లు. గోల్ స్తంభాలు బడి గోడ దిక్కు మాత్రమే ఉండేవి, రెండో దిక్కు పాతడానికి ఎవరూ డబ్బు ఇవ్వలేదు. కాబట్టి ఎప్పుడు ఆడినా బడి గోడ వైపే దాడి, ఎప్పుడు ఆడినా ఎడమ చేతి పక్క పల్లికాయ. బంతి కాయల మీద పడితే ఆరబెట్టే ఆడవాళ్లు కేకలు వేసేవాళ్లు. పిల్ల కాలు పడితే చీపురు ఎత్తేవాళ్లు.

ఒక ఏడు పంట ఎక్కువ పండింది. మాజీ సర్పంచి, అందరికంటే ఎక్కువ కాయ ఆయనదే, మిగిలిన సగం కూడా కావాలన్నాడు.

"ఏంది మేడం, ఆడపిల్లలకు గింత జాగ ఎందుకు? లోపల గదిలో క్యారమ్స్ ఆడిపియ్యరాదా?"

"సర్పంచ్ సాబ్, వచ్చే నెల నాగర్‌కర్నూల్‌ల పోటీలు ఉన్నయి. మొదటి ఆట గెలిస్తే మా సగం మాకే ఉండనియ్యండ్రి. ఓడితే మొత్తం మీదే."

అక్కడున్న పది మంది ముందు ఆయన ఒప్పుకున్నాడు. పందెమంటే ఆయనకు ఇష్టం. నేను ఆమెను పక్కకు పిలిచి, "బయటి జట్టుతోని ఒక్కసారి గూడ ఆడలేదు గద మేడం, ఎట్ల ఒప్పుకున్నరు?" అన్నాను. "ఒప్పుకోకుంటే ఈ రోజే పోతది అన్నా. ఒప్పుకుంటే నెల ఉంటది" అంది. ఆ నెలంతా ఆమె నిద్రపోయిందో లేదో తెలియదు. పొద్దున బడి గంటకు ముందే, సాయంత్రం బడి గంట తర్వాత, ఆ సగంలో పిల్లలు ఆడుతూనే ఉన్నారు.

నాగర్‌కర్నూల్‌కు నేనూ పోయాను. మాజీ సర్పంచి కూడా జీపు వేసుకుని వచ్చాడు. "పందెం పెట్టినోన్ని, చూడకపోతె ఎట్ల?" అని నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. అది నిజమైన మైదానం. రెండు దిక్కులా గోల్ స్తంభాలు, నాలుగు మూలలా జెండాలు, చుట్టూ తెల్లటి సున్నపు గీత. మా పిల్లలు దిగి ఒకసారి చుట్టూ చూశారు. అంత స్థలం వాళ్లు టీవీలోనే చూశారు.

మొదటి సగం మా పిల్లలు బాగా ఆడారు. బంతి చాలాసేపు వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. కానీ గోల్ మాత్రం అవతలి జట్టు కొట్టింది, మా ఎడమ పక్క నుంచి వచ్చి. అటు అడ్డుకోవడానికి ఎవరూ పోలేదు. ఎందుకు పోలేదో నాకు తోచలేదు. సర్పంచి తొడ చరుచుకుని, "పల్లికాయకు జాగ దొరికింది పో!" అన్నాడు.

మేడం ఎడమ పక్క గీత వెంట నడుస్తోంది. మధ్య గీత నుంచి మూల జెండా దాకా పోయి, వంగి చూసి, మళ్లీ వెనక్కి వచ్చింది. సగం ఆట అయి పిల్లలు గ్లూకోజ్ నీళ్లు తాగుతుంటే అందరినీ పిలిచి ఆ గీత దగ్గర నిలబెట్టింది. పొద్దున ఎట్లా గీశారో అట్లాగే ఉంది. ఎక్కడా చెరగలేదు. అవతలి పక్క, కుడి వైపు గీత మాత్రం మా పిల్లలు దాడి చేసిన సగంలో తొక్కి తొక్కి మట్టి రంగుకు వచ్చింది.

"దీన్ని ఒక్కరన్న తొక్కిండ్రా?" అంది మేడం.

మన్ననూర్ దిక్కు అడవి ఊరి నుంచి వచ్చిన ఒక పిల్ల ఉండేది. ఎడమ పక్క ఆడేది, జట్టులో అందరికంటే వేగంగా ఉరికేది.

"ఆ పక్కకు పోవద్దు గద మేడం" అంది ఆ పిల్ల.

"ఎందుకు పోవద్దు?"

"కాయలు..." అని, ఆగి, తన కాళ్ల దగ్గరున్న ఖాళీ గడ్డిని చూసుకుంది.

ఎవరూ నవ్వలేదు. సర్పంచి కూడా నవ్వలేదు. మేడం గడ్డి మీద చతికిలబడింది. "తప్పు మీది గాదు బిడ్డా. నేనే మీకు సగం ఆట నేర్పిన" అంది. తర్వాత లేచి చీర దులుపుకుంది. "పసుపు పిల్లలకు గింత జాగ ఖాళీ దొరికితే ఏం జేస్తరు?"

"ఊకోరు మేడం!" అన్నారు పిల్లలు.

రెండో సగంలో జట్లు దిక్కులు మారాయి. మా ఎడమ పక్క ఇప్పుడు అవతలి వైపుకు వచ్చింది, అక్కడ మేం దాడి చేయాల్సిన సగంలో గీత ఇంకా తెల్లగానే ఉంది. మేడం మైదానం చుట్టూ పరుగెత్తి ఆ గీత పక్కకు చేరింది. ఆ పిల్లకు సమానంగా గీత బయట తనూ ఉరుకుతోంది, కుచ్చిళ్లు పట్టుకుని.

"ఈడ కాయలు లేవు బిడ్డా! తొక్కు! కాయలు లేవు, తొక్కు!"

జనం ఆట చూడడం మాని ఆమెను చూస్తున్నారు. అవతలి బడి పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. రెఫరీ వచ్చి, "మేడం, లోపలికి మాట్లాడొద్దు" అన్నాడు. "లోపలికి మాట్లాడలేదు సార్, పల్లికాయ సంగతి మాట్లాడుతున్న" అంది. ఆయనకు ఏమీ అర్థం కాక వెనక్కి పోయాడు.

ఆ పిల్ల మొదట గీత దగ్గరికి వచ్చి ఆగింది. రెండోసారి ఒక కాలు పెట్టింది. మూడోసారి బంతిని ముందుకు కొట్టుకుని మూల జెండా దాకా ఒక్క పరుగు తీసింది. ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఆట ఇంకొంచెం ఉందనగా అట్లాంటి పరుగు నుంచే బంతి మధ్యకు వచ్చింది, గుంపులో ఎవరి మోకాటి చిప్పకో తగిలి లోపల పడింది. ఎవరికి తగిలిందో ఇప్పటికీ తేలలేదు, ముగ్గురు పిల్లలు తనదంటే తనదంటారు. నేను లేచి మేడం వైపు చూశాను. ఆమె గోల్ వైపు చూడడం లేదు. గీతను చూస్తోంది. గీత ఎక్కడా కనబడటం లేదు, అంతా అడుగులే.

ఒకటి, ఒకటి. ఆట ముగిసింది. అది లీగు ఆట, సమంగా ముగిస్తే చెరో పాయింటు. మరునాటి ఆటలో ఓడిపోయి ఇంటికి వచ్చారు, కానీ పందెం ఆ ఆట మీద కాదు.

ఊర్లో కల్లం దగ్గర పంచాయితీ అయింది. సర్పంచి భార్య కాయల్లో కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తోంది. సర్పంచి మంచం మీద కూర్చున్నాడు.

"సమం ఏంది మేడం? ఆటన్నంక ఒకరు గెల్వాలె, ఒకరు ఓడాలె."

"ఈ ఆటల గిట్ల గూడ ఉంటది సర్పంచ్ సాబ్."

"ముందుగాల చెప్పకపోతివి!"

"మీరు అడగకపోతిరి."

అందరూ నా వైపు చూశారు. "నువ్వు లెక్కల మనిషివి గద, చెప్పు" అన్నాడు సర్పంచి. నాకు తోచింది చెప్పాను. గెలిస్తే సగం, ఓడితే సున్న, సమమైతే ఆ రెంటికీ నడుమ, పావు. సర్పంచికి నచ్చింది. "పావు ఇస్తపో. తాడు పట్టి కొలుద్దాం" అని లేచాడు.

"పావు వద్దు" అంది మేడం. "సగం గూడ వద్దు."

"మరేం గావాలె?"

"మొత్తం."

సర్పంచి పగలబడి నవ్వాడు. "గెల్వకనే మొత్తమా? గెలిస్తే ఊరే రాసియ్యమంటుండెనేమో!"

మేడం ఆయన నవ్వు అయ్యేదాకా ఆగింది. "పొద్దుగూకంగనె మంచు పడుతదని కాయలన్ని కుప్ప జేసి పట్టాలు కప్పుతరు గదా. అది జర ముందుగాల చేసుకోండ్రి, బడి విడిచినంక. కుప్పలు మా పిల్లలే చేస్తరు, వొళ్లు గూడ వేడెక్కుతది. కుప్పలన్ని గోల్ ముందట విడిచి గోడ పొంటి పెడుతం. ఒక్క గంట మొత్తం జాగ మాది. పొద్దున మల్ల మేమే ఆరబోస్తం, మొత్తం జాగల ఆరబోసుకోండ్రి. మీకు గూడ మొత్తమే."

ఆ కుప్పలు చేయడం మేమంతా పుట్టినప్పటి నుంచి ప్రతి సాయంత్రం చూస్తున్నాం. ఆ స్థలాన్ని ఎన్నిసార్లు ఎన్ని ముక్కలుగా కొలిచామో. పొద్దునొకరిది, సాయంత్రమొకరిది కావచ్చని ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"నేను వద్దంటే?" అన్నాడు సర్పంచి.

"వద్దంటే ఇప్పుడే మొత్తం తీసుకోండ్రి. క్యారమ్స్ ఆడిపిస్త. సగం జాగల మాత్రం పిల్లలను మల్ల ఆడిపియ్య. సగం జాగల ఆడితే ఏమైతదో మీరు గూడ చూసిండ్రు."

ఆమె చేతిలో ఉన్నదంతా కింద పెట్టేసి నిలబడింది. నేను ఎంతో మంది బేరాలు చూశాను, రోజూ చూస్తాను. ఉన్న సగాన్ని వదులుకుని మొత్తం అడిగిన మనిషిని అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. సర్పంచి మీసం దువ్వుతూ కాయల వైపు చూస్తున్నాడు.

చాళ్లు తీస్తున్న సర్పంచి భార్య ఆగింది. "ఏం ఆలోచిస్తున్నవయ్యా? దినాం కుప్ప చేసి చేసి నా నడుము ఇరుగుతున్నది. పిల్లలు చేస్తమంటున్నరు. నువ్వన్న చేస్తవా?"

జనం గొల్లుమన్నారు. సర్పంచి చెయ్యి ఊపి, "పో, తీస్కో పో" అన్నాడు.

మరునాడు బడి విడిచాక పిల్లలు చీపుర్లతో, చేటలతో దిగారు. సర్పంచి భార్యా, ఇంకో నలుగురు ఆడవాళ్లూ చూస్తూ నిలబడలేక వాళ్లూ చేయి వేశారు. గోడ పొడవునా కుప్పలు లేచాయి, వాటి మీద నీలం పట్టాలు. ఎండ ఇంకా ఉంది. పుట్టి బుద్ధెరిగాక నేను ఆ స్థలాన్ని ఖాళీగా చూడడం అదే మొదటిసారి. పిల్లలు లోపలికి వచ్చి, పాత సగం అంచున, ఏ గీతా లేని చోట, వరుసగా ఆగిపోయారు.

"ఏడ నిలబడాలె మేడం?" అని ఒకరు అడిగారు.

మేడం మన్ననూర్ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, చిన్నగా ముందుకు తోసింది. ఆ పిల్ల బంతి కూడా లేకుండా ఉరికింది. ఖాళీ నేల మీదుగా, ఆ చివరి దాకా, అక్కడి తుమ్మ కంచెను చేత్తో తాకి, మళ్లీ ఈ చివరికి వచ్చి, మేడం ముందు రొప్పుతూ నిలబడింది.

"ఎంతుంది?" అంది మేడం.

"చానా ఉంది మేడం."